ముత్తాత ఇంటిని మ్యూజియం చేయాలంటే ముందు రంగులవాళ్లను ఆపండి

నారాయణగూడలో మీ ముత్తాతగారు కట్టించిన ఇల్లు ఉందనీ, జిల్లాల నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ తొలితరం తెలుగు కుటుంబాల్లో మీదొకటనీ, దాన్ని కూల్చకుండా చిన్న మ్యూజియంగా నిలబెట్టాలంటే ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. ఖర్చు సంగతి గుర్తుంటే తర్వాత చెబుతాను. మొదలుపెట్టాల్సింది మాత్రం వంటింట్లో. హాలు జోలికి ఇప్పట్లో పోకండి.

మా పుట్టిల్లు సుల్తాన్ బజారు వెనక సందులో ఉంది. 1933 దాకా ఆ ప్రాంతాన్ని రెసిడెన్సీ బజారు అనేవారు. బ్రిటిష్ రెసిడెంటు అజమాయిషీలో ఉండేది కాబట్టి సభ పెట్టుకోవాలన్నా, సంఘం పెట్టుకోవాలన్నా నిజాం పోలీసుల బెడద కాస్త తక్కువ. వకీళ్లు, పంతుళ్లు ఆ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకోవడానికి అదే కారణమని నేను గట్టిగా నమ్ముతాను. దగ్గర్లోని రామకోటిలో, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం మొదలైంది. 1921 నవంబరులో వివేకవర్ధని హాల్లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం, ఆంధ్ర జనసంఘం, పుట్టింది. ఆ రోజు మా ముత్తాత ఆ సభలో ఉన్నాడని మా ఇంట్లో అందరూ చెబుతారు. ఒక్క కాగితం ముక్క సాక్ష్యం లేదు. ‘మా తాత ఆ సభలో ఉన్నాడు’ అని చెప్పుకునే కుటుంబాలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే వివేకవర్ధని చాలదు, లాల్ బహదూర్ స్టేడియం కావాలి.

మేము పదకొండు మంది వారసులం. అందులో నలుగురు దేశంలో లేరు. ఇద్దరు ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చేద్దాం, తలా ఒక ఫ్లాటు వస్తుంది అన్నారు. మూడేళ్ల తర్కం తర్వాత అందరూ ట్రస్టు పత్రం మీద సంతకాలు పెట్టారు. ఆ మూడేళ్ల గురించి రాస్తే అది వేరే ప్రశ్నకు జవాబవుతుంది. సంతకాలు కాగానే మా పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, మ్యూజియం పని మీద వేసుకున్నాడు. ఆయన దృష్టిలో మ్యూజియం అంటే ముత్తాత. ముత్తాత కుర్చీ, ముత్తాత కోటు, ముత్తాత చేతికర్ర, ఆయన ఉర్దూ చట్టాల పుస్తకాలు, అన్నిటికీ అద్దాల బీరువాలు. కుర్చీ చుట్టూ ఎర్ర తాడు కూడా కట్టించాడు. ఆ కుర్చీలో ముత్తాత కూర్చోగా చూసినవాళ్లు లేరు. నడుం నొప్పి వల్ల ఆయన ఎప్పుడూ చాప మీదే కూర్చునేవాడని మా నాయనమ్మ చెప్పేది. కక్షిదారులు కూర్చునే కుర్చీకి తాడు కట్టి కాపలా కాస్తున్నాం.

ఆ ఇంట్లో నిజంగా దాచుకోవలసింది ఒకటే ఉండేది, వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లే గుమ్మం పక్క గోడ. మూరెడు వెడల్పు, రెండు మూరల ఎత్తు. వారాలు చేసుకుని చదువుకోవడం అంటే ఈ తరానికి తెలియదేమో. ఊళ్ల నుంచి చదువు కోసం వచ్చిన పేద పిల్లలు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఒక ఇంట్లో భోజనం చేసేవారు. రెడ్డి హాస్టలు 1918లో వచ్చింది. అలాంటి వసతులు లేని రోజుల్లో, ఉన్నా చోటు దొరకని పిల్లలకు, ఇలాంటి ఇళ్లే దిక్కు. మా ఇంట్లో వారంలో ఏడు రోజులూ ఎవరో ఒకరు తినేవారు. ముత్తాత మాట ఇచ్చేవాడు, ముత్తవ్వ వండేది. ఆమెకు అక్షరాలు రావు. అందుకని గోడ మీద జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, ఏడు వరసలు గీసి, ఒక్కో పిల్లవాడికి ఒక్కో గుర్తు పెట్టుకుంది. ఒకడికి చేప, ఒకడికి తాళంచెవి, ఒకడికి గొడుగు, పిలక ఉన్నవాడికి పిలక. వచ్చి తిన్న రోజున ఆ గుర్తు కింద బొగ్గుతో చుక్క. ఏటా పండక్కి ఇల్లంతా సున్నం వేసినా ఆ చోటు మాత్రం వదిలేయాలి. ఆమె పోయాక కూడా మా నాయనమ్మ ఆ కట్టు తప్పలేదు.

వరసల మధ్యలో ఒక నిలువు గీత కూడా ఉండేది. గీతకు ఎడమవైపు గుర్తులు లోపల పంక్తిలో కూర్చునేవాళ్లవి. కుడివైపువి వెనక వసారాలో కూర్చునేవాళ్లవి. ఎందుకో నేను విప్పి చెప్పనక్కర్లేదు. భాగ్యరెడ్డి వర్మగారు దళితుల కోసం 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి పనిచేస్తున్న నగరం ఇది. మా ముత్తాత అంటరానితనం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాడని మా వాళ్లు గొప్పగా చెబుతారు. ఇంట్లో మాత్రం గీత ఉంది. అయితే మంగళవారం వరసలో గొడుగు గుర్తు మొదట కుడివైపు ఉంటుంది. దాని మీద అడ్డంగా ఒక కొట్టివేత, మళ్లీ ఎడమవైపు కొత్తగా గొడుగు. ఎవరు మార్చమన్నారో, ఏ రోజున మారిందో ఎక్కడా లేదు. ముత్తవ్వే మార్చిందని నేనంటాను. జాజు గిన్నె ఆమె చేతిలోనే ఉండేది కదా.

ప్రారంభోత్సవానికి ఎనిమిది రోజుల ముందు, ఒక ఉదయం నేను బూజులు దులిపించడానికి వెళ్లాను. గుమ్మం దాటగానే తడి సిమెంటు వాసన కొట్టింది. వంటింట్లో ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెన మీద నిలబడి పాట పెట్టుకుని పుట్టీ పూస్తున్నారు. గోడ పాలరాయిలా మెరుస్తోంది. ఏడు వరసలూ లేవు. నాకు ముందు కోపం రాలేదు, వేరే ఇంటికి వచ్చానేమో అనిపించింది. “అమ్మా, ఇక్కడంతా పిచ్చి గీతలు ఉన్నాయి, రెండు చేతులు పూస్తే గానీ మాయలేదు” అన్నాడు అందులో చిన్నవాడు, మెచ్చుకుంటానన్నట్టు. వాడిని ఏమని తిట్టను? చెప్పిన పని చేశాడు.

అన్నయ్యకు ఫోను చేస్తే, “మరకలుగా ఉంది, వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?” అన్నాడు. మరకలు కనిపించాయో, నిలువు గీత కనిపించిందో నాకు తెలుసు. కావాలనే వేయించాడని ఈనాటికీ నా అభిప్రాయం. రుజువు అడగకండి.

పాతబస్తీ నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించాను. మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరుకున్నాడు. “మెత్తగానే ఉందమ్మా, తెల్లారితే మాత్రం నా వల్ల కాదు” అని, “ఎక్కడ మొదలుపెట్టమంటారు?” అన్నాడు. మంగళవారం అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, చేత్తో చూపించాను. తడి గోనెపట్టా అద్దుతూ, వెదురు బద్దతో గోరంత గోరంత తీస్తూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాడు. మంగళవారం, బుధవారం, గురువారంలో సగం బయటపడ్డాయి. తర్వాత పుట్టీ బిగిసిపోయింది. జాజు గుర్తులు నిలిచాయి. బొగ్గు చుక్కలు ఒక్కటీ మిగలలేదు, పట్టాతోపాటే వచ్చేశాయి.

ఆ రాత్రి ఆయన నాకు సున్నం పాఠం కూడా చెప్పాడు. అది మీకు పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. మీ ఇల్లు ఆ కాలపుదే అయితే గోడలు డంగు సున్నంతో కట్టి ఉంటారు. గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు. ఆ గోడ తేమను పీలుస్తుంది, వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక ఉప్పు పొంగి, పూత పెచ్చులుగా ఊడిపోతుంది. ఊడేటప్పుడు పాత సున్నాన్ని కూడా పట్టుకుపోతుంది. మా ముందరి గదికి ఎవరో పూర్వం సిమెంటు చేయించారు, అది ఇప్పుడు కుష్ఠు పట్టినట్టుంది. కాబట్టి ‘పాత ఇల్లు కదా, గట్టిగా సిమెంటు కొట్టిద్దాం’ అనే బంధువు ఎవరైనా ఉంటే ఆయన్ని ముందు తీర్థయాత్రకు పంపండి.

వస్తువులదేముంది, ఎక్కడైనా ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న మొదలైంది వాళ్ల సొంత ఇల్లు దివాన్ దేవిడిలోనే. నెహ్రూగారు ప్రారంభించారు. 1968లో సామాను కొత్త భవనానికి వెళ్లింది. మేలిముసుగు రెబెక్కా శిల్పం క్షేమంగా ఉంది, గంటలు కొట్టే గడియారం క్షేమంగా ఉంది. దేవిడికి ఇప్పుడు కమానులు మిగిలాయి. అటు సరోజినీ నాయుడుగారి గోల్డెన్ థ్రెషోల్డ్ చూడండి, 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరు పెట్టుకున్న ఇల్లు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం అక్కడే మొదలైంది కాబట్టి ఆ గదుల్లో మనుషులు తిరిగారు, పైకప్పు కారితే అడిగేవాళ్లు ఉన్నారు. మా అన్నయ్య పద్ధతిలో కుర్చీకి తాడు కట్టి ఉంటే ఏమయ్యేదో.

ప్రభుత్వం కాపాడుతుందా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. నగరాభివృద్ధి సంస్థ హుడా నిబంధనల్లో 13వది ఒకటి ఉండేది, దాని కింద కాపాడవలసిన కట్టడాల జాబితా ఉండేది. 2015 డిసెంబరులో దాన్ని ఎత్తేశారు. 2017లో వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చివేతను హైకోర్టు ఆపింది, సంతోషం. కానీ అది నవాబుగారి ప్యాలెస్. మన వంటిళ్ల కోసం కోర్టుకు ఎవరు వెళ్తారు? పెళ్లికి ముందు ఫొటోలు తీసుకునే జంటలు మాత్రం ఏ చట్టంతోనూ పని లేకుండా వచ్చేస్తారు. పోయిన నెల ఒక జంట మా రోటి మీద ఎక్కి నిలబడింది.

ఖర్చు అడిగారు కదా. మాకు మిద్దె బాగు చేయించడానికి, చెద పట్టిన దూలాలు నాలుగు మార్చడానికి 14 లక్షలు అయింది. అద్దాల బీరువాలకు రెండున్నర లక్షలు, అది దండగ. గోడకు ఆ మేస్త్రి తీసుకున్నది 1,500. ఆపైన ప్రతి నెలా కరెంటు బిల్లు, ఏటా ఇంటి పన్ను, ఆదివారం తలుపు తీసే మనిషికి జీతం. చివరిదానికి మనిషి దొరక్క ఆరు నెలలుగా నేనే చిక్కడపల్లి నుంచి మెట్రో ఎక్కి వెళ్లి తీస్తున్నాను.

నెలకు ఇరవై ముప్పై మంది వస్తారు. కుర్చీ దగ్గర ఒక నిమిషం, గోడ దగ్గర అరగంట. నిరుడు సూర్యాపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చారు. గొడుగు చూసి, ఇది మా నాన్నది అన్నారు. మంగళవారాలు సుల్తాన్ బజారులో వకీలుగారి ఇంట్లో తినేవాడట, వానైనా ఎండైనా చేతిలో గొడుగు ఉండేదట. కుడివైపు అంటే ఏమిటని అడిగారు. చెప్పాను. ఆయన గోడకేసి చూస్తూ, “మొదట్లో బయట కూర్చున్నామని చెప్పేవాడు, తర్వాతి సంగతి ఎప్పుడూ చెప్పలేదు” అన్నారు.

రెండు నెలలకు సికింద్రాబాదు నుంచి ఒక పెద్దావిడ వచ్చి, గొడుగు మా తాతగారిదే అన్నారు. వివరాలన్నీ సరిపోయాయి, మంగళవారంతో సహా. కొట్టివేత చూపించగానే మాత్రం, “కాదు, కాదు, మా తాతగారు మొదటి నుంచీ లోపలే కూర్చున్నారు” అన్నారు. అందుకే టీచరుగారి మాటే నిజమని నేను తేల్చుకున్నాను. ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు. పోయిన ఆదివారం మళ్లీ వచ్చారు. బుధవారం వరసలో ఉన్న చేప కూడా వాళ్ల బంధువుదే కావచ్చంటున్నారు. ఈసారి వాళ్ల పెద్దమ్మను తీసుకొస్తారట.