మోడల్ రైళ్లు సేకరించిన మనిషి పోయాక ఆ కలెక్షన్ ఏమవుతుంది?

అడిగినవారి సంగతి క్లుప్తంగా ఇది. వాళ్ల మామగారు న్యూజెర్సీలో ముప్పై ఏళ్లుగా మోడల్ రైళ్లు కొంటున్నారు. బేస్‌మెంట్ నిండిపోయింది. ఇప్పుడు ఆయన ఆరోగ్యం బాగుండటం లేదు. "రేపు ఏదైనా అయితే వాటినేం చేయాలి, ఎంతొస్తుంది?" అని ప్రశ్న.

ఎంతొస్తుందన్నది ముందే తేల్చేస్తాను. పెట్టిన డబ్బులో రూపాయికి పావలా వస్తే మీ అదృష్టం. ఈబేలో ఎవరో పెట్టిన రేటు చూసి లెక్కలు కట్టకండి. అది అడుగుతున్న రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. ఈ రెండింటికీ తేడా తెలియని కొడుకులూ అల్లుళ్లూ ఎంతమంది ఉన్నారో ట్రైన్ షోలకు, అంటే మోడల్ రైళ్లు కొని అమ్మే సంతలకు వెళ్తే తెలుస్తుంది. పొద్దున తొమ్మిదింటికి టేబుల్ మీద పరిచిన సరుకునే సాయంత్రం నాలుగింటికి మళ్లీ అట్టపెట్టెల్లో సర్దుకుంటూ కనిపిస్తారు, పాపం.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఒక కలెక్షన్‌ను దగ్గరుండి ఖాళీ చేశాను.

మాది పిట్స్‌బర్గ్ దగ్గర, వెంకటేశ్వరస్వామి గుడికి పది నిమిషాల దూరం. పక్కింటి పెద్దాయన ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు గ్యారేజీ తలుపు తీసి, గోధుమరంగు బొగ్గు వ్యాగన్లకు రంగు వేస్తూ కూర్చుని ఉంటే, నేను అక్కడే నిలబడిపోయాను. మా నాన్న డోర్నకల్‌లో గార్డు. భద్రాచలం రోడ్ వైపు నుంచి సింగరేణి బొగ్గు మోసుకొచ్చే గూడ్సులు చూస్తూ పెరిగినవాణ్ణి. ఖాళీ వ్యాగనుకూ నిండు వ్యాగనుకూ చప్పుడులో తేడా ఉంటుందని ఆయనతో అన్నాను. అంతే, బ్రష్షు కింద పెట్టి "కిందికి రా" అన్నాడు.

కింద ఇరవై నాలుగడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పున ఒక ఊరుంది. 1950ల నాటి ఆల్టూనా. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల పెద్ద వర్క్‌షాపులుండే ఊరు. దాని పక్కనే కొండ చుట్టూ గుర్రపు లాడంలా తిరిగే హార్స్‌షూ కర్వ్. అసలుది 1854లో వేశారు, ఇప్పటికీ రైళ్లు నడుస్తున్నాయి. ఈయన దాన్ని 87వ వంతుకు కుదించి ముప్పై ఒక్క ఏళ్లు కట్టాడు. అంటే అయిపోయిందని కాదు, ముప్పై ఒకటో ఏట పోయాడు.

ఇక్కడ చిన్న ఫిర్యాదు. ఈ 87వ వంతు కొలతను హెచ్‌ఓ స్కేల్ అంటారు, దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే వాళ్ల స్టాండర్డ్ గేజ్, 1435, సరిగ్గా వస్తుంది. మన బ్రాడ్ గేజ్ 1676. అదే స్కేల్లో మన పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. దొరికే పట్టాలన్నీ 16.5వే కాబట్టి మన ఇంజిన్ చేయించుకున్నా, పెద్ద మనిషికి చిన్నపిల్లాడి చెప్పులు తొడిగినట్టు ఉంటుంది. డోర్నకల్ కట్టాలని పదిహేనేళ్ల నుంచి అనుకుంటున్నాను. చూసేవాళ్లలో ఎవరికీ ఈ తేడా కనపడదని మా ఆవిడ అంటుంది. నాకు కనపడుతుందిగా! సరే, అసలు సంగతికి వస్తాను.

గురువారం రాత్రుళ్లు అయిదారుగురం చేరి రైళ్లు నడిపేవాళ్లం. ఊరికే గుండ్రంగా తిప్పడం కాదు. ప్రతి వ్యాగనుకూ ఒక కార్డు ఉంటుంది, అది ఏ సైడింగు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టా) నుంచి ఏ సైడింగుకు పోవాలో అందులో ఉంటుంది. మా నాన్న దగ్గరుండే వ్యాగన్ల చిట్టా లాంటిదే. ఒక గురువారం బొగ్గు వ్యాగన్ ఒకటి లెక్కకు రాలేదు. పెద్దాయన తన చిన్నప్పటి ఇంటి సెల్లారులో మిగిలిన నిజం బొగ్గును నలగ్గొట్టి పైన అతికించిన వ్యాగన్ అది. కార్డు ప్రకారం గని సైడింగులో ఉండాలి. లేదు. ఆ వైపు ఆఖరున రైలు నడిపింది నేను.

ఆయన ఒక్క మాట కూడా అనలేదు. కానీ తర్వాతి గురువారం పిలుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దాదాపు ఏడాది పాటు కంచె దగ్గర ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడి లోపలికి పోయేవాడు. నలభై డాలర్ల వ్యాగన్ కోసం ఇంత ముభావమా అని నాకూ మండింది. చివరికి దీపావళికి మా ఆవిడ అరిసెలు పట్టుకుని వాళ్లింటికి వెళ్తే మళ్లీ మాటలు కలిశాయి. వ్యాగన్ ఊసు మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

2019 ఫిబ్రవరిలో ఆయన పోయాడు. కొడుకు సియాటిల్‌లో, కూతురు ఒహాయోలో. ఆయన భార్య ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్లాలనుకుంది. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు వచ్చి బేస్‌మెంట్ ఆరు వారాల్లో ఖాళీ చేయాలన్నాడు.

మొదట పాత రైళ్లు కొనే వ్యాపారి ఒకాయన వచ్చాడు. నలభై నిమిషాలు చూశాడు. చూసిందల్లా ఇత్తడి ఇంజిన్లే, జపాన్‌లో కొరియాలో చేత్తో చేసినవి. మొత్తం గంపగుత్తగా నాలుగు వేల డాలర్లన్నాడు. అరవై రెండు ఇంజిన్లు, నాలుగొందల పైన వ్యాగన్లు, బోగీలు. అడ్డికి పావుశేరు బేరం అని నాకు కోపం వచ్చింది. ఇప్పుడాలోచిస్తే అతనిదీ పూర్తిగా తప్పు కాదు. అవన్నీ మోసుకెళ్లి, పరీక్షించి, ఫొటోలు తీసి, ఒక్కొక్కటీ అమ్మడానికి అతనికి రెండేళ్లు పడుతుంది.

ఈ హాబీలో అరిగిపోయిన జోకు ఒకటుంది: "నేను పోయాక మా ఆవిడ నా రైళ్లను నేను చెప్పిన ధరకే అమ్మేస్తుందేమోనని భయం." నేను కూడా మొహమాటంగా ఆవిడతో, "ఆయన మీకు చెప్పిన ధరలు నిజం కాకపోవచ్చు" అన్నాను. ఆవిడ లేచి వెళ్లి వంటగది సొరుగులోంచి స్పైరల్ నోటు పుస్తకం తెచ్చింది. ప్రతి ఇంజిన్, కొన్న తేదీ, ఇచ్చిన డబ్బు, కొన్నచోట. అంతా ఆవిడ చేతిరాతే. "క్రెడిట్ కార్డు బిల్లు కట్టింది ఎవరనుకున్నావు? ఇరవై అని చెప్పేవాడు, నేను అరవై అని రాసుకునేదాన్ని" అంది. ఆ పుస్తకమే మా పని సగం చేసింది. కాబట్టి మీ అత్తగారిని తక్కువ అంచనా వేయకండి, ముందు ఆవిడనే అడగండి.

వ్యాపారిని పంపించేసి గురువారం రైళ్లు నడిపే క్లబ్బు వాళ్లం నలుగురం కూర్చున్నాం. చర్చి హాల్లో ఒక శనివారం అమ్మకం పెట్టాం, మిగిలినవి రెండు ట్రైన్ షోలకు మోశాం. చివరికి పదకొండు వేల చిల్లర వచ్చింది. నోటు పుస్తకంలో కూడిక యాభై వేలకు దగ్గర. నా పావలా లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే. ఒక్క ఇంటి లెక్క పట్టుకుని అందరికీ చెప్పేస్తున్నావేంటి అంటారేమో. తర్వాత చూసిన మరో రెండిళ్లలో అది కూడా రాలేదు.

ఎందుకు రాదో నాకైతే అనుమానం లేదు. మనిషి తను చిన్నప్పుడు చూసిన రైలునే కొంటాడు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ 1968లో వేరే కంపెనీలో కలిసిపోయింది, కలిసిన రెండేళ్లకు ఆ కొత్త కంపెనీ దివాలా తీసింది. 1968లో పదేళ్ల పిల్లాడికి మేం అమ్మేనాటికి అరవై దాటాయి. వాళ్లంతా ఒకేసారి అమ్మకానికి పెడుతున్నారు. కొనాల్సినవాళ్లే అమ్మేవాళ్లయితే ధర ఎక్కడ నిలుస్తుంది? పైగా పాత ఇంజిన్లలో డీసీసీ చిప్ (ఒక్కో ఇంజిన్‌ను విడివిడిగా నడపడానికి వాడే డిజిటల్ చిప్) ఉండదు, ఇప్పటి పిల్లలకు చప్పుడూ పొగా కావాలి. అట్టపెట్టెలో ఇంజిన్ చుట్టూ పెట్టిన స్పాంజి ముప్పై ఏళ్లకు పొడిపొడిగా రాలి రంగుకు అంటుకుంటుంది. కొన్ని పాత పోత భాగాల్లో జింకు స్వచ్ఛంగా లేకపోతే, పెట్టెలో ఉన్నది ఉన్నట్టే ఉబ్బి, పగిలి, బిస్కెట్టులా విరుగుతుంది. దాచిపెట్టినంత మాత్రాన ధర పెరగడానికి ఇది బంగారం కాదండీ.

పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా ఇంట్లో అమ్మమ్మ బొమ్మల కొలువు బొమ్మలు ఎవరికి రావాలని మా పిన్నులిద్దరూ మూడేళ్లు మాట్లాడుకోలేదు. రైళ్ల కోసం అలా కొట్టుకున్న ఇల్లు ఒక్కటీ చూడలేదు నేను. సియాటిల్ కొడుకు ఒక నల్ల ఆవిరి ఇంజిన్ తీసుకుని మిగతాది మీ ఇష్టం అన్నాడు. ఇంటివాళ్లే కొనసాగించింది నాకు తెలిసి పుణె కోత్రూడ్‌లోని జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం. ఆయన సరదాగా మొదలుపెట్టింది 1998లో మ్యూజియమైంది, టిక్కెట్టు కొని చూడాలి. అందరి పిల్లలూ అంత ఓపిక పడతారా?

రైళ్లయినా అమ్ముడుపోతాయి. లేఅవుట్, అంటే పట్టాలూ కొండలూ ఊరూ కలిపి కట్టిన బల్ల, మాత్రం ఎవరూ తీసుకోరు. గోడకు గోడ కొలిచి కట్టింది తలుపులోంచి ఎలా వస్తుంది? దగ్గర్లోని మ్యూజియాన్ని అడిగితే, మర్యాదగా, ఫొటోలు చాలన్నారు. ఇంగ్లండులో జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ ఆయన తర్వాత పెండన్ మ్యూజియంకు చేరింది, కానీ అది కోటికొకటి. అమెరికాలో ఈ హాబీకి గురువులాంటి జాన్ ఆలెన్ 1973 జనవరిలో గుండెపోటుతో పోతే, ఆయన కట్టిన గోరీ అండ్ డిఫీటెడ్ అనే ప్రపంచం పది రోజుల్లోనే అగ్నిప్రమాదంలో కాలిపోయింది. చదివినప్పుడు అయ్యో అనుకున్నాను. ఆల్టూనాను రంపంతో కోశాక మాత్రం, ఆలెన్ స్నేహితులకు ఈ పని తప్పిందిలే అనిపించింది.

కోయడానికి రెండు రోజులు పట్టింది. కరెంటు రంపం పెడితే కొండ లోపల్నుంచి ప్లాస్టరులో నానిన పాత న్యూస్‌పేపర్లు పొరలు పొరలుగా బయటికొచ్చాయి. ఒకదాంట్లో 1991 నాటి కార్ల ప్రకటన. బల్ల కింద ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు, దాని మీద చిన్న అక్షరాలతో అది పట్టాలు మార్చే ఏ పాయింటుదో రాసి ఉంది. రెండో రోజు మధ్యాహ్నం గని దగ్గరి సొరంగం పైకప్పు లేపాం. పట్టాలకూ గోడకూ మధ్య సందులో, కింది చెక్క మీద, పక్కకు ఒరిగి ఉంది బొగ్గు వ్యాగన్. ఒళ్లంతా దుమ్ము. బొగ్గు మాత్రం ఊడలేదు. పక్కన చిన్న స్క్రూడ్రైవరు, ఎలుక పెంటికలు.

పైకి పట్టుకెళ్లి ఆవిడకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి ఒక్కసారిగా నవ్వింది. "నువ్వే తీశావని ఆయనకు గట్టి నమ్మకం. తీసేవాడైతే ఇంజిన్ తీస్తాడు గానీ బొగ్గు వ్యాగన్ ఎందుకు తీస్తాడని నేను చెబుతూనే ఉన్నా" అంది. నాకు నవ్వు రాలేదు. బొగ్గు వ్యాగనే తీసేవాణ్ణని ఆయనకు తెలుసు, డోర్నకల్ కబుర్లన్నీ విన్నది ఆయనే కదా.

అందుకని మీరు అడిగినదానికి నా జవాబు ఏంటంటే, మీ మామగారు ఉండగానే కిందికి వెళ్లండి. ధరలు అడగొద్దు, అడిగితే నిజం చెప్పరు. ఏ పెట్టెలో ఏ ఇంజిన్ ఉందో ఆయన చేతే పెట్టె మీద పెన్సిల్‌తో రాయించండి, ఎందుకంటే పెట్టెతో ఉన్న ఇంజిన్ తొంభైకి పోతే పెట్టె లేనిది యాభై అయిదుకు పోయింది మాకు. అమ్మాల్సి వస్తే ఫోన్ చేయాల్సిన స్నేహితుడు ఎవరో ఒక్క పేరు చెప్పించుకోండి. మొదటి వారం ఎవరికీ గంపగుత్తగా ఇవ్వకండి. సొరంగాల్లో టార్చి వేసి చూడండి. కార్డుల పెట్టె లాంటిదేమైనా ఉంటే చిత్తుకాగితాల్లో పారేయకండి.

మేం దాదాపు పారేశాం. అన్నీ అయ్యాక షూ పెట్టెలో నాలుగొందల చిల్లర కార్డులు మిగిలాయి. ఊరికే తిరగేస్తుంటే ఆ వ్యాగన్ కార్డు దొరికింది. వెనకాల పెన్సిల్‌తో "కనపడటం లేదు", తేదీ, నా పేరులో మొదటి అక్షరం, పక్కన ప్రశ్నార్థకం. ఏమీ వద్దు, అన్నీ అమ్మేయండి అంటూ వచ్చిన ఆవిడ అది చేతిలోకి తీసుకుని, "వ్యాగన్ నువ్వు పెట్టుకో, ఇది నాకు కావాలి" అంది.