పన్నెండుముప్పావుకి టేబుల్, ఒంటిగంటకి నాన్న మాత్ర

ప్రశ్న: మేము అట్లాంటాలో ఉంటాం. జూన్‌లో రాజమండ్రి నుంచి మా అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లనీ, తొమ్మిదేళ్ల బాబునీ, ఐదేళ్ల పాపనీ తీసుకుని ఓర్లాండో వెళ్తున్నాం. డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి ఒక్కటే రోజు. మా బస బయట హోటల్లో. పాప కోసమని ఆ పార్కులోని క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్‌లో మధ్యాహ్నం 12:45కి లంచ్ బుక్ చేశాను. రైడ్ల టైములు మాత్రం మూడు రోజుల ముందు గానీ ఇవ్వరట. నాన్నకి షుగరు, ఒంటిగంటకల్లా తిని మాత్ర వేసుకోవాలి. అందరం శాకాహారులమే. రెండు టైములూ ఒకదాని మీద ఒకటి పడితే ఏది వదులుకోవాలి?

జవాబు: ఏదీ వదులుకోనక్కర్లేదమ్మా. ముందు ఆ 12:45ని జరపండి. 12:45 అంటే ఆ టైముకి వెళ్లి పేరు చెప్పడమే. పిలిచేదాకా ఆగాలి, కూర్చోవాలి, బఫే కాబట్టి ప్లేటు పట్టుకుని మళ్లీ లేవాలి. ఈలోగా విన్నీ ద పూ అనే కార్టూన్ ఎలుగుబంటి వేషంలో ఉన్నాయన టేబుల్ దగ్గరికొస్తే మీ పాప కదలదు. నాన్నగారు మొదటి ముద్ద తినేసరికి ఒకటిన్నర అయినా అవుతుంది. 11:45కో, పన్నెండుకో స్లాట్ ఖాళీ అవుతుందేమో రోజూ డిస్నీ యాప్‌లో చూస్తూ ఉండండి. జనం చివరిదాకా మార్చుకుంటూనే ఉంటారు. అక్కడ చాలా రెస్టారెంట్లలో రెండు గంటల ముందు వరకూ రద్దు చేసుకోవచ్చు. చెప్పకుండా మానేస్తే మాత్రం తలకి 10 డాలర్లు పట్టుకుంటారు, మీ ఆరుగురికీ కలిపి 60.

టేబుల్ బుకింగ్ పెళ్లి ముహూర్తం, రైడ్ స్లాట్ రిసెప్షన్. రైడ్‌కి ఇచ్చేది గంట వ్యవధి. 10:20 అని ఉంటే 11:20 లోపు ఎప్పుడు వెళ్లినా లైట్నింగ్ లేన్ అనే పొట్టి క్యూలోకి పంపిస్తారు. అందుకే భోజనం ముందు ఖాయం చేసుకుని రైడ్లని దాని చుట్టూ సర్దాలి. నేనుండేది ఓర్లాండో పక్కనే. సెలవుల్లో వచ్చే మా చుట్టాలంతా దీన్ని తిరగేసి చేసి, మధ్యాహ్నానికి ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు.

బయట హోటల్లో ఉండేవాళ్లకి మూడు రోజుల ముందు ఉదయం 7 గంటలకి రైడ్ల బుకింగ్ తెరుస్తారు. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకి ఏడు రోజుల ముందే. చాలా రైడ్లకి ఆ పొట్టి క్యూ వాడుకోనిచ్చే మల్టీ పాస్ కొంటే మొదట మూడు రైడ్లు ఎంచుకోవచ్చు. అయితే బాగా గిరాకీ ఉన్న రైడ్ల గుంపులోంచి ఒకటే ఇస్తారు. మీరైతే అందులోంచి జంగిల్ క్రూజ్ అనే పడవ రైడ్ తీసుకోండి, రెండోది పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్. రెండూ పార్కులో అడ్వెంచర్‌ల్యాండ్ అనే భాగంలోనే, క్రిస్టల్ ప్యాలెస్‌కి దగ్గర్లో ఉన్నాయి. ఈ రెండూ 11:30 లోపు ముగిసేలా చూసుకోండి. మూడోది విన్నీ ద పూ రైడ్, ఒకటిన్నర తర్వాత. మొదటి స్లాట్ మరీ తొమ్మిదికి పెట్టకండి. కారు పార్కింగ్‌లో వదిలాక మోనోరైలో, ఫెర్రీయో ఎక్కితే గానీ గేటు రాదు, పెద్దవాళ్ల నడకతో ముప్పావుగంట సులువుగా పోతుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. జంగిల్ క్రూజ్‌లో పాస్ స్కాన్ అవగానే యాప్ ఇంకో రైడ్ బుక్ చేసుకోనిస్తుంది. ఇక ఏ గుంపులోంచి ఎన్ని అన్న లెక్క ఉండదు. పీటర్ పాన్ రైడ్ 12:20కి ఖాళీగా కనిపిస్తుంది, చెయ్యి ఆగదు. దాన్ని వదిలేసి రెండు తర్వాతి టైము వెతకండి. పూటంతా పరుగులు పెట్టించేది ఈ నాలుగో స్లాటే.

జూన్‌లో అక్కడ మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వాన పడుతుంది, ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. మీ గంటలోనే ఆగితే టెన్షన్ వద్దు. ఆ పాస్‌ని తర్వాత అక్కడైనా, ఇంకో రైడ్‌కైనా వాడుకునేలా యాప్‌లో మార్చి ఇస్తారు. వాన పడుతోందని భోజనం మధ్యలో లేవకండి.

మల్టీ పాస్ తలకి ఇంతని, పైగా రేటు రోజుని బట్టి మారుతుంది. అమ్మగారికి, నాన్నగారికి కొనాలా అన్నది వాళ్లనే అడగండి. మెల్లగా తిప్పి తీసుకొచ్చే పీపుల్‌మూవర్ బండికీ, చల్లగా కూర్చుని చూసే కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌కీ పాస్ అక్కర్లేదు. రెండూ టుమారోల్యాండ్ అనే భాగంలోనే. బాబుకి అక్కడి ట్రాన్ రోలర్ కోస్టర్ ఎక్కాలని ఉంటే 48 అంగుళాల ఎత్తుండాలి, దానికి వేరే, ఆ ఒక్క రైడ్‌కే పనికొచ్చే సింగిల్ పాస్ కొనాలి. మీరు బాబుతో అటు వెళ్తే పాప తాతయ్య, అమ్మమ్మలతో పీపుల్‌మూవర్ ఎక్కుతుంది. ఇలా ఒక్కసారికి సరే. రోజంతా వాళ్లని పిల్ల కాపలాకి పెడితే మాత్రం నేను ఒప్పుకోను.

బుకింగ్‌లోనే శాకాహారులమని రాయండి, గుడ్డు తినకపోతే అదీ రాయండి. వెళ్లాక చెఫ్‌ని పిలిపించి దేంట్లో ఏముందో అడగండి, విసుక్కోకుండా చెబుతారు. ఇంకో మాట. పార్కులోకి ఇంటి తిండి తెచ్చుకోవచ్చు. గాజు సీసాలు, డ్రై ఐస్, విడి ఐసు ముక్కలు మాత్రం కుదరవు. ఆ ఎండకి పెరుగన్నం వద్దు, పులిహోర డబ్బా నాన్నగారి సంచిలో పెట్టండి. టేబుల్ ఆలస్యమైతే ఆయన బయట నీడలో కూర్చుని నాలుగు ముద్దలు తినేస్తారు.

ప్రశ్న: డిస్నీలో ఇండియన్ రుచులుండే సనా అనే హోటల్ ఉందట కదా. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రైడ్ల మధ్య వెళ్లి తిని రావచ్చా?

జవాబు: వద్దండి. సనా ఏ పార్కులోనూ లేదు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ బస హోటల్లో, కిదానీ విలేజ్ వైపు ఉంటుంది. మధ్యలో వెళ్లొస్తే సగం పూట దారికే పోతుంది. రైడ్లు లేని రోజునో, యానిమల్ కింగ్‌డమ్ పార్కు చూసిన రోజు సాయంత్రానికో బుక్ చేసుకోండి. పార్కు టికెట్ అవసరం లేదు. నాన్ రకాలు, వాటితో బోలెడన్ని పచ్చళ్లు కలిపి ఇచ్చే బ్రెడ్ సర్వీస్ అడగండి, కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. ఆవకాయ ఘాటు ఆశించి మాత్రం వెళ్లకండి. చీకటి పడకముందే టేబుల్ తీసుకోండి, లేకపోతే జిరాఫీలు కనబడవు.