ఐదు ట్యూబులూ ఒకేసారి మార్చాలా?

ప్రశ్న: మా అన్నయ్య అమెరికా నుంచి వచ్చేస్తూ తన ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ గిటార్ యాంప్ నాకు తెచ్చిచ్చాడు. మన కరెంటుని 120 వోల్టులకి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను. ఈమధ్య కొన్ని నోట్స్ వాయిస్తే లోపల గాజు గ్లాసు మోగినట్టు ‘టింగ్’మంటోంది. రిపేరు షాపులో లోపల సౌండ్‌ని పెంచే ఐదు గాజు ట్యూబులూ మార్చేయాలన్నారు. ఖర్చు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. అన్నీ మార్చాలా? నేనే మార్చుకోవచ్చా? ఏ కంపెనీవి కొనాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అన్నీ అక్కర్లేదండీ. మీరు చెప్పినదాన్ని బట్టి పాడైంది ఒక్క చిన్న ట్యూబే అయ్యుండొచ్చు. మీ యాంప్‌లో చిన్నవి మూడు, 12ఏఎక్స్7 అనే ప్రీయాంప్ ట్యూబులు, గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచేది ఇవే. పెద్దవి రెండు, 6ఎల్6 అనే పవర్ ట్యూబులు, స్పీకర్‌ని నడిపేది ఇవే. విపరీతంగా వేడెక్కుతూ పనిచేస్తాయి కాబట్టి, రోజూ గట్టిగా వాయించేవాళ్లకి పెద్దవి ఏడాది రెండేళ్లలో అరిగిపోవచ్చు, ఇంట్లో వాయించుకునేవాళ్లకి ఇంకా చాలాకాలం వస్తాయి. చిన్నవైతే ఏళ్ల తరబడి నడుస్తాయి. అందుకే ఇన్నేళ్లయింది కదా అని మంచి ట్యూబులు తీసి పారేయడం నాకు అస్సలు నచ్చదు.

ముందు ఈ పరీక్ష చేయండి. గిటార్ తీసేసి, యాంప్ ఆన్‌లో ఉంచి, వాల్యూమ్ కాస్త పెంచి, చెక్క పెన్సిల్ వెనక వైపుతో చిన్న ట్యూబుల్ని ఒక్కొక్కటీ మెల్లగా తట్టండి. కొద్దిగా టక్‌టక్ వినబడటం మామూలే, గిటార్ వైరు గుచ్చే ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరున్నది ఇంకాస్త ఎక్కువ వినబడుతుంది, ఎందుకంటే దాని తర్వాత సిగ్నల్ ఇంకా చాలా పెరుగుతుంది. మోగినట్టో కూతపెట్టినట్టో వస్తే దోషం అదే. ఒకే ఒక్క కొత్త 12ఏఎక్స్7 కొని దాని చోట పెట్టండి.

ఈ పని మీరే చేసుకోవచ్చు. ఆఫ్ చేసి, ప్లగ్ పీకేసి, బాగా చల్లారనివ్వండి. పైన రేకు కవచం ఉంటే నొక్కి తిప్పితే వస్తుంది. ట్యూబుని అటూ ఇటూ కొంచెమే కదుపుతూ నిటారుగా లాగండి. పిన్నులు తొమ్మిది, ఒకచోట ఖాళీ ఉంటుంది, దాన్ని సాకెట్‌తో సరిచూసుకుని నెట్టండి, బలవంతం వద్దు. చిన్న ట్యూబులకి బయాస్ గొడవ, అంటే వాయించనప్పుడు కూడా ట్యూబులో పారే కరెంటుని సరైన స్థాయిలో పెట్టే పని, లేదు.

పెద్దవాటికి ఉంది. మంద్ర స్వరాల సౌండ్ బిగువు తగ్గడం, వాల్యూమ్ పడిపోవడం, ఫ్యూజు మళ్లీ మళ్లీ పోవడం పెద్దవి పాడయ్యాయనడానికి లక్షణాలు. లోపలి లోహపు ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆఫ్ చేయండి. గాజు లోపల వెండిలా మెరిసే పూత తెల్లబడితే గాలి చొరబడినట్టే, ఆ ట్యూబు ఇక పనికిరాదు. గాజు మీద నీలం వెలుగు కనిపిస్తే మాత్రం కంగారుపడకండి. మార్చినప్పుడు 6ఎల్6లు మ్యాచ్ చేసిన జతగానే, అంటే రెండూ ఒకేలా పనిచేస్తాయని పరీక్షించి కలిపి అమ్మేవే కొనండి. తర్వాత బయాస్ సరిచేయాలి. ఆ కరెంటు ఎక్కువైతే ట్యూబు త్వరగా కాలిపోతుంది, తక్కువైతే సౌండ్ పీలగా ఉంటుంది. దీనికి ఛాసిస్, అంటే లోపలి సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె, విప్పాలి, లోపల 400 వోల్టులు దాటి ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. దయచేసి మీరు చేతులు పెట్టకండి, ట్యూబు యాంపులు తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి.

ఇంకోటి, ఆ స్టెప్‌డౌన్ నుంచి ఎంత వస్తోందో మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లతో చూపించుకోండి. మన లైన్‌లో 230 వోల్టులు కాస్తా 250 అయితే, అటు 120 ఉండాల్సింది 130 అవుతుంది. దాంతో ట్యూబుల్లో వేడెక్కే తీగ ఫిలమెంటుకీ ప్లేటుకీ వోల్టేజి పెరిగి ఆయుష్షు తగ్గుతుంది.

కంపెనీ విషయానికొస్తే, స్లొవేకియాలో తయారయ్యే జేజే చాలు. సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్, టంగ్‌సోల్ అని వేరువేరు పేర్లతో అమ్మేవి రష్యాలో సరాటోవ్ ఊళ్లోని ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి, కాబట్టి పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.