షియాన్ ప్రయాణానికి అప్పు అక్కర్లేదు మాస్టారూ, నాలుగు నగరాల ప్యాకేజీ అసలే అక్కర్లేదు

ప్రశ్న: నేను తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్‌గా పనిచేసి ఏడాదిన్నర కిందట రిటైరయ్యాను. నాకు 63, నా భార్యకు 58 ఏళ్లు. సర్వీసంతా పిల్లలకు చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ పాఠం చెప్పాను. ఆయన బయల్దేరిన చాంగాన్ నగరాన్ని, అంటే ఇప్పటి షియాన్‌ను, ఒక్కసారి చూడాలని ఉంది. పెన్షన్ 48,000 వస్తుంది. ఇంటి ఖర్చు 32,000. సొంతిల్లు, అప్పులు లేవు. సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీ 10 లక్షలు, సేవింగ్స్‌లో 2 లక్షలు ఉన్నాయి. నెలకు 10,000 చొప్పున కడుతున్న 5 లక్షల చీటీ ఆగస్టులో అయిపోతుంది, కమిషన్ పోను 4.75 లక్షలు వస్తాయి. ఒక ట్రావెల్స్ వాళ్లు బీజింగ్, షియాన్, షాంఘై, గ్విలిన్ కలిపి తొమ్మిది రోజులకు ఇద్దరికీ 4.7 లక్షలు అన్నారు. అబ్బాయి పర్సనల్ లోన్ తీసుకుందాం, తను కడతానంటున్నాడు. అమ్మాయేమో ఈ వయసులో అంత ఖర్చెందుకు, మనవరాలి పేరున వేస్తే పనికొస్తాయి కదా అంటోంది. వెళ్లొచ్చా? వెళ్తే ఏ డబ్బు ముట్టుకోవాలి?

జవాబు: వెళ్లండి మాస్టారూ. అయితే ఆ ప్యాకేజీలో వద్దు. మూడు లక్షల్లో ఇద్దరూ హాయిగా వెళ్లి రావచ్చు. ఆ మూడు లక్షలూ చీటీ డబ్బులోంచే రావాలి, మిగతా వాటి జోలికి పోకండి.

ముందు మీ స్థోమత చూద్దాం. పెన్షన్‌లో ఇంటి ఖర్చు పోను 16,000 మిగులుతున్నాయి. అందులో 10,000 చీటీకి పోతోంది. సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలకు 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వడ్డీ పడుతుంది. అంటే నెలకు 10,250. ఆగస్టుతో చీటీ వాయిదాలు ఆగిపోతాయి కాబట్టి, ఆ తర్వాత మీకు నెలకు దాదాపు 26,000 మిగులుతుంది. మూడు లక్షలు ఖర్చు పెట్టినా ఏడాది తిరిగేసరికి ఆ గుంట పూడిపోతుంది. ఇలాంటి వాళ్లకు వెళ్లొద్దని చెప్పడానికి నాకు కారణమేమీ కనిపించడం లేదు.

ఇక అప్పు సంగతి. 4.7 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 16,000 వాయిదా పడుతుంది. మొత్తం వడ్డీ 1.08 లక్షలు. ఆ వడ్డీ డబ్బుతో మీ ఇద్దరి విమానం టికెట్లు వచ్చేస్తాయి. అబ్బాయి ప్రేమతోనే అంటున్నాడు, కాదనను. కానీ తిరిగొచ్చిన ప్రయాణానికి మూడేళ్లపాటు కిస్తీలు కట్టించడం, అదీ మీ దగ్గర డబ్బుండగా, అతనికి భారమే. కావాలంటే టికెట్లు బుక్ చేసే పని, హోటల్ చూసే పని అతనికి అప్పగించండి. మీకు అసలైన సాయం అది.

సీనియర్ సిటిజన్ స్కీమును మాత్రం ఏ పరిస్థితిలోనూ కదపొద్దు. అందులోంచి ఎఫ్‌డీలా కొంత తీసుకుని మిగతాది ఉంచుదామంటే కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. ఖాతా తెరిచి ఏడాది దాటి రెండేళ్లు నిండకపోతే అసలులో 1.5 శాతం కోత. మీ 15 లక్షల మీద అది 22,500. పైగా మళ్లీ తెరిచే రోజుకు ఈ వడ్డీ రేటు ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? ఎఫ్‌డీ మీ ఆసుపత్రి డబ్బు అనుకోండి. ఉద్యోగుల హెల్త్ స్కీమ్ కార్డు ఉన్నా కొన్నిసార్లు ముందు మనమే కట్టాల్సి వస్తుంది, అందుకని అదీ అలాగే ఉండనివ్వండి.

చీటీ విషయంలో ఒక్క జాగ్రత్త. టికెట్లు చవగ్గా ఉన్నాయని ముందే పాట పాడి ఎత్తకండి. ఇన్నాళ్లు ఓపిక పట్టి చివర్లో తగ్గించి పాడితే నష్టమే. ఆగస్టులో పూర్తి మొత్తం తీసుకోండి, 3 లక్షలు ప్రయాణానికి విడిగా ఒక ఖాతాలో వేయండి, మిగిలిన 1.75 లక్షలు చిన్న ఎఫ్‌డీగా పెట్టుకోండి. అమ్మాయి అడిగిన మనవరాలి పేరున వేయడం దాంతోనే మొదలుపెట్టవచ్చు. రెండూ జరుగుతాయి, ఒకటి చేస్తే ఇంకోటి పోయేలా ఏమీ లేదు.

ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానంటే, తొమ్మిది రోజుల్లో నాలుగు నగరాలంటే మీ షియాన్‌కు మిగిలేది ఒకటిన్నర రోజు. మట్టి సైనికుల బొమ్మలు చూపించి, సాయంత్రం గోడ ఎక్కించి, పొద్దున్నే మళ్లీ రైలో విమానమో ఎక్కిస్తారు. మధ్యలో పట్టు దుకాణం, జేడ్ రాయి దుకాణం అంటూ గంటలకు గంటలు కూర్చోబెట్టే గ్రూపు టూర్లు ఎన్నో. షాంఘై చూడాలని ఉందని మీరు ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. అడగని మూడు నగరాలకు మీ డబ్బులో ఎక్కువ భాగం పోతుంది.

మీరు చూడాలనుకున్నది నిజంగా అక్కడ ఎంత ఉందో చూడండి. చౌ, చిన్, హాన్, సుయి, తాంగ్ వంశాలు ఆ నగరం నుంచో దాని పొలిమేరల నుంచో ఏలాయి. హుయాన్‌త్సాంగ్ మన దేశమంతా తిరిగి 645లో 657 గ్రంథాలతో చాంగాన్‌కు తిరిగి చేరాడు. వాటిని భద్రపరచడానికి 652లో కట్టిన ఇటుక గోపురమే ఇవాళ్టి పెద్ద అడవిబాతు గోపురం, దా యాన్ తా. తర్వాతి కాలంలో మార్పులు జరిగినా ఇప్పటికీ ఏడంతస్తులతో నిలబడి ఉంది. ఆయన మీ ప్రాంతానికీ వచ్చాడని మీకు నేను చెప్పక్కర్లేదు. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, ఆగి, అక్కడి విహారాల్లో చాలావరకు పాడుబడ్డాయని రాశాడు. అక్కడి భిక్షువుల దగ్గర బౌద్ధ తత్వం చెప్పే అభిధర్మ గ్రంథాలు చదువుకున్నాడు. అమరావతి పక్కనే పుట్టి పెరిగి ఆ పాఠం చెప్పిన మనిషి ఆ గోపురం దగ్గర గంటన్నర కాదు, ఒక పూటంతా కూర్చోవాలి. ప్యాకేజీలో ఆ పూట దొరకదు.

ఇప్పుడు మీరు చూసే కోటగోడ తాంగ్ కాలంది కాదు, 14వ శతాబ్దంలో మింగ్ పాలకులు కట్టించింది. చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. పాత చాంగాన్ దానికంటే ఎంతో పెద్దది కాబట్టే గోపురం గోడ బయట దక్షిణాన ఉంటుంది. మీకు ఇది డబ్బు విషయంలోనూ పనికొచ్చే సంగతి. దక్షిణ ద్వారం దగ్గర, మెట్రోకి నడిచి వెళ్లేంత దూరంలో హోటల్ తీసుకుంటే టాక్సీ ఖర్చు బాగా తగ్గుతుంది. గోడ మీద నడవలేకపోతే బ్యాటరీ బళ్లు ఉంటాయి. గోపురానికి మాత్రం మెట్లే, మోకాళ్లను బట్టి నిర్ణయించుకోండి. కింద నుంచి చూసినా తక్కువేం కాదు.

ఖర్చు లెక్క ఇది. ప్రయాణం నాటికి రేటు పెరిగినా తట్టుకునేలా చైనా డబ్బు యువాన్‌కు 14 రూపాయలు వేసుకున్నాను. ఎనిమిది రాత్రులకు రోజుకు 400 చొప్పున హోటల్ 3,200 యువాన్లు. ఇద్దరి భోజనాలకు రోజుకు 200 చొప్పున తొమ్మిది రోజులకు 1,800. ఇంగ్లీషు వచ్చిన గైడ్ రెండు రోజులకు 1,500, ప్రవేశ టికెట్లన్నిటికీ 1,000, మెట్రో, టాక్సీలకు 800. మొత్తం 8,300 యువాన్లు, మన డబ్బులో 1.16 లక్షలు. ఇక్కడ రూపాయల్లో పెట్టేది విమానం ఇద్దరికీ లక్ష, వీసాలకు ఏజెంటు ఫీజుతో కలిపి 15,000, ఇన్సూరెన్స్ 8,000, రోమింగ్ 5,000, తెనాలి నుంచి హైదరాబాద్ రాకపోకలు, ఒక రాత్రి బసకు 12,000. ఇది 1.40 లక్షలు. రెండూ కలిపి 2.56 లక్షలు. దాని మీద 15 శాతం చేతిలో ఉంచుకుంటే 2.95 లక్షలు. విమానం, హోటల్ ధరలు నా అంచనాలు, బుక్ చేసే రోజును బట్టి అటూ ఇటూ అవుతాయి. ఆ 15 శాతం అందుకే.

ప్రవేశ టికెట్ల గురించి టెన్షన్ పడకండి, అవి పెద్ద ఖర్చు కావు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డ మట్టి సైన్యం చూడటానికి మనిషికి 120 యువాన్లు, కోటగోడకు 54. షాన్‌షీ చరిత్ర మ్యూజియం సాధారణ ప్రవేశం ఉచితం, కాకపోతే స్లాటు దొరకడం కష్టం, సోమవారం సెలవు. ఆ కష్టాన్ని అడ్డం పెట్టుకుని ఉచిత టికెట్‌నే గైడ్‌తో కలిపి భారీ ధరకు అమ్మేవాళ్లుంటారు. గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడే పాస్‌పోర్ట్ నంబర్లిచ్చి ముందే బుక్ చేయమనండి. మట్టి సైనికులు షియాన్‌కు తూర్పున 40 కిలోమీటర్ల దూరంలో లింతోంగ్‌లో ఉంటారు. అక్కడ ఒక రోజు గైడ్ ఖర్చు పెట్టడం దండగ కాదు. ఊరికే చూస్తే వేల బొమ్మలు కనిపిస్తాయి, చెప్పేవాళ్లుంటే చైనా తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ రాజ్యం కనిపిస్తుంది. రెండో గైడ్ రోజును గోపురానికి, మ్యూజియానికి వాడుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా డబ్బు ప్రశ్నే. అక్టోబర్ 1 నుంచి 7 దాకా చైనాలో జాతీయ సెలవులు, దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. హోటళ్ల రేట్లు ఆకాశంలో ఉంటాయి. అక్టోబర్ మూడో వారం తర్వాత వెళ్తే వాతావరణం చల్లగా, రేట్లు మామూలుగా ఉంటాయి. మీ చీటీ ఆగస్టులో రావడం దీనికి సరిగ్గా కుదిరింది. వీసా దరఖాస్తుకు టికెట్, హోటల్ బుకింగ్ చూపించాల్సి వస్తుంది కాబట్టి వీసా వచ్చేదాకా క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చేవే తీసుకోండి. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా సరే.

టీసీఎస్ అనే మాట ట్రావెల్స్ వాళ్లు మీకు చెప్పారో లేదో. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే ధర మీద ఆదాయపు పన్ను శాఖ తరఫున కొంత శాతం వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌ను బట్టి మారుతూ వస్తోంది. ఆ డబ్బు పోదు, మీ పాన్ మీద ఆదాయపు పన్ను ఖాతాలో కనబడుతుంది, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా తిరిగొస్తుంది. కానీ నెలల తరబడి ఇరుక్కుపోతుంది. మీరే టికెట్లు, హోటల్ విడివిడిగా బుక్ చేసుకుంటే ఆ ప్యాకేజీ నియమం వర్తించదు. విదేశీ మారకం కొనుగోలుకు కూడా ఏడాదికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్, మీరు దాని దరిదాపుల్లో లేరు.

అక్కడ చెల్లింపులే మీకు అసలు కొత్త. చైనాలో కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో స్కాన్ చేసే కడతారు. కానీ మన యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు. అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ ఇక్కడే ఫోన్‌లో వేసుకుని, పాస్‌పోర్ట్‌తో వివరాలు ధ్రువీకరించి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డును దానికి జతచేయండి. 200 యువాన్ల లోపు చెల్లింపులకు యాప్ రుసుము ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. దీనికి తోడు మీ బ్యాంకు 2 నుంచి 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ వేస్తుంది. హోటల్ డబ్బు ఇక్కడే రూపాయల్లో కట్టేస్తే మిగతా వాటి మీద ఈ భారం రెండు మూడు వేలకు మించదు. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే అందులో యువాన్ ఉందో లేదో ముందే అడగండి. డాలర్లు వేసి యువాన్‌లో ఖర్చు పెడితే రెండోసారి మార్పిడి ఛార్జీ పడుతుంది. ఏ మెషీన్ అయినా రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని యువాన్ నొక్కండి, ఆ రూపాయల రేటు ఎప్పుడూ నష్టమే. విడిగా 1,500 యువాన్లు నోట్ల రూపంలో దగ్గర ఉంచుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజు అదే ఆదుకుంటుంది.

శ్రీమతిగారికి బీపీ, షుగర్ లాంటివి ఏమైనా ఉంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో తప్పకుండా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాస్తే క్లెయిమ్ రోజున అదే కారణం చూపి తోసిపుచ్చుతారు. ఇక్కడి ప్రభుత్వ హెల్త్ కార్డు అక్కడ చెల్లదు, అందుకే ఈ ఖర్చును తగ్గించే ఆలోచనే పెట్టుకోవద్దు. మందులు డాక్టర్ రాసిచ్చిన చీటీతో సహా, ప్రయాణానికి సరిపడా కంటే వారం ఎక్కువ పెట్టుకోండి. శాకాహారులైతే లియాంగ్‌పి అనే చల్లటి నూడుల్స్ అక్కడ వీధివీధినా దొరుకుతాయి, మాంసం వద్దని చైనీస్‌లో రాసిన కాగితం మాత్రం వెంట ఉండాలి.

బయల్దేరడానికి వారం ముందు చేయాల్సినవి: బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పరిమితి 1 లక్షకు పెట్టండి. ఓటీపీలు వచ్చే సిమ్‌కే రోమింగ్ వేయించండి, వేరే సిమ్ మీద వేయిస్తే అక్కడ కార్డు వాడలేరు. వాట్సాప్ అక్కడ మామూలు వైఫై మీద పనిచేయదు కాబట్టి పిల్లలతో మాట్లాడటానికీ ఆ రోమింగే దిక్కు. ఎఫ్‌డీ, సీనియర్ సిటిజన్ స్కీమ్, పెన్షన్ ఖాతాల్లో నామినీ పేర్లు సరిచూసి, ఇన్సూరెన్స్ పాలసీ కాపీ, హోటల్ చిరునామాతో పాటు ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మాయికి ఇచ్చి వెళ్లండి. ఆమె కంగారులో సగం ఖర్చు గురించి అయినా, మిగతా సగం మీ గురించే అయి ఉంటుంది.