మడమ మీద నల్లటి చుక్కలు: ముందు ఆ బూట్లు చూడండి

బ్యాడ్మింటన్ ఆడే మీ పన్నెండేళ్ల అబ్బాయి మడమ మీద నల్లటి చుక్కలు వచ్చాయని, సబ్బుతో రుద్దినా పోవడం లేదని, క్యాన్సరేమోనని నిద్ర పట్టడం లేదని రాశారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే భయంతో రెండు రాత్రులు గడిపాను.

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. వేసవి సెలవులు కావడంతో రోజూ రెండు పూటలా కోర్టులోనే ఉండేది. ఒక రాత్రి బోర్లా పడుకుని ఉండగా కుడి మడమ వెనక, అరికాలి మందపాటి చర్మం మొదలయ్యే అంచున, ఆవాలు అద్దినట్టు నల్లటి చుక్కలు అడ్డంగా కనిపించాయి. తారేమో అనుకుని కొబ్బరినూనె రాసి తుడిచాను. చెక్కుచెదరలేదు. నొక్కితే నొప్పి లేదు, దురదా లేదు. పుట్టుమచ్చ అనుకుందామా అంటే వారం కిందట అక్కడ ఏమీ లేదు.

చర్మవైద్యురాలు డెర్మోస్కోపుతో (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూసి, పైనున్న మృతచర్మాన్ని బ్లేడుతో పలచగా గీశారు. ఆ పొరతోనే చాలా చుక్కలు వచ్చేశాయి. నెత్తురు చుక్క రాలేదు, పిల్ల కాలు కూడా కదపలేదు. అది చర్మంలో ఎండిపోయిన నెత్తురేనట. దీన్ని ‘టాలన్ న్వార్’ అంటారు. ఫ్రెంచిలో నల్ల మడమ అని అర్థం. 1961లోనే బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో దీన్ని గుర్తించి వైద్యులు రాశారు. టెన్నిస్, ఫుట్‌బాల్ ఆడేవాళ్లలోనూ వస్తుంది.

పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు మడమ బూటులో జారుతుంది. ఆ ఒరిపిడికి చర్మం కింది సన్నని రక్తనాళాలు చిట్లి, నెత్తురు పైపొరలోకి చేరి నల్లబడుతుంది. మా ఇంట్లో కారణం వెతకనక్కరలేకపోయింది. ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్ద బూట్లు కొన్నది నేనే. పిల్లలున్న ప్రతి ఇంట్లో చేసే పనే అయినా, ఆట బూట్ల విషయంలో మాత్రం దయచేసి చేయకండి.

సరిపోయే బూట్లు, మందపాటి మేజోళ్లు కొన్నాం. లేసులు బిగించి కట్టడం నేర్పాం. ఆట ఆపలేదు, మందూ వాడలేదు. మిగిలిన ఒకటి రెండు చుక్కలు నెల తిరిగేసరికి చర్మంతో పాటే అరిగిపోయాయి.

ఇంట్లో మాత్రం బ్లేడు పట్టకండి. అది పులిపిరా, పుట్టుమచ్చా, ఎండిన నెత్తురా అన్నది మన కంటికి తేలదు కాబట్టి ఒకసారి డాక్టరుకు చూపించండి. మచ్చ కొన్ని వారాలైనా తగ్గకపోయినా, పెరుగుతున్నా, నెత్తురు కారుతున్నా తప్పక మళ్లీ వెళ్లండి. ఒరిపిడి తగలని చోట, అంటే పిక్కల మీదో పొట్ట మీదో, ఎర్రటి చుక్కలు కనిపించినా, జ్వరమో చిగుళ్ల నుంచి రక్తమో తోడైనా అది వేరే సంగతి. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈలోగా, రేపు ఆటకు వెళ్లేముందు అబ్బాయికి బూట్లు తొడిగి, లేసులు కట్టి, నాలుగడుగులు వేయించండి. అడుగు ఎత్తినప్పుడల్లా మడమ బూటులోంచి పైకి లేస్తోందేమో చూడండి.