టెక్ సందేహాలు: టర్బో పైపు చిరిగితే ఎక్కడ ఆదా చేయాలి, ఎక్కడ చేయకూడదు

ప్రశ్న: మాది 2015 మోడల్ డీజిల్ కారు. నెల రోజులుగా పికప్ పడిపోయింది. మూడో గేరులో గట్టిగా తొక్కితే బానెట్ కింద బుస్సుమని శబ్దం, వెనక నల్లపొగ. ఇంటర్‌కూలర్ పైపులు మొత్తం సెట్టు మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో సిలికాన్ హోసులు, అల్యూమినియం పైపులు చవగ్గా కనిపిస్తున్నాయి. నేనే కొని వేసుకోవచ్చా? రేడియేటర్ హోసు ముక్కతో సరిపోతుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. – గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: వేసుకోవచ్చు. అయితే ఏదైనా కొనే ముందు గాలి సరిగ్గా ఎక్కడ పోతోందో కళ్లారా చూడండి. సెట్టు మొత్తం ఒకేసారి పాడవడం అరుదు. పోయేది ఎక్కువగా ఒక రబ్బరు వంపు, లేదంటే ఒక క్లిప్పు, లేదంటే కీలు దగ్గర ఉండే సీలు.

టార్చి తీసుకుని టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్ (ఆ వేడి గాలిని చల్లార్చేది) దాకా, అక్కడి నుంచి ఇంజిన్ దాకా పైపు వెంట వెళ్లండి. పైపు లోపల పల్చగా నూనె ఉండటం మామూలే, ఇంజిన్ ఊపిరి గొట్టం (బ్రీదర్) నుంచి వచ్చే ఆవిరి అది. బయట దుమ్ము పట్టి జిగురుగా మారిన నల్లటి చార కనిపించిందా, లీకు దాని మొదట్లోనే ఉంటుంది. వంపు కింది భాగం చేత్తో తడిమి చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మూసుకుపోయి, బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) రాగానే నోరు తెరిచే చీలికలు అక్కడే దాక్కుంటాయి.

కంటికి దొరక్కపోతే గాలి పెట్టి చూడాలి. టర్బోకి గాలి వెళ్లే మూతిలో పట్టేలా లేత్ షాపులో ఒక లోహపు మూత చేయించి, దానికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించండి. పీవీసీ మూత వాడొద్దు, ఒత్తిడికి పగిలితే ముక్కలు ఎగిరి మీద పడతాయి. ఊపిరి గొట్టాన్ని విడదీసి, ఆ రంధ్రం మూసేయండి. లేకపోతే గాలంతా ఇంజిన్ అడుగుకి పోయి సీళ్లు దెబ్బతింటాయి. రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో 10 పీఎస్ఐ దాటకుండా గాలి పెట్టి, కీళ్ల మీద సబ్బు నీళ్లు పోయండి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే పని. మూతకి ఎదురుగా నిలబడొద్దు.

ఇక రేడియేటర్ హోసు సంగతి. ఒకసారి శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే నా కారు టర్బో పైపు చిరిగింది. దారిలో ఒక షాపులో రేడియేటర్ హోసు కోసి వేశారు. ఆ రోజుకి ఇల్లు చేరాను, వాళ్లకి రుణపడ్డాను. దాన్ని అలాగే వదిలేయడం నా తప్పు. మూడు నెలల తర్వాత విప్పితే లోపలి గోడ ఉబ్బి, నానిన రొట్టెలా మెత్తబడింది. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. రేడియేటర్ హోసులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. అది వేడినీళ్లకి, కూలెంట్‌కి గట్టిది, నూనె తగిలితే ఉబ్బిపోతుంది. టర్బో గాలిలో నూనె ఉండనే ఉంటుంది కదా.

సిలికాన్ హోసు వేడికి బాగా ఓర్చుకుంటుంది. కానీ మామూలు సిలికాన్‌కీ నూనె పడదు, మెల్లగా బయటికి చెమర్చుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పూత ఉన్నది దొరికితే అదే తీసుకోండి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా ఉన్న వేడి వైపుకైతే ఇందులో రాజీ వద్దు, అక్కడ గాలి 100 డిగ్రీల సెల్సియస్ దాటి వస్తుంది. కోసిన అంచు చూస్తే లోపల నేత పొరలు కనిపించాలి. పొరలు లేని హోసు బూస్ట్‌కి బుడగలా ఉబ్బుతుంది.

మీరు నిజంగా డబ్బు మిగుల్చుకోగలిగింది లోహపు గొట్టంలో. తిన్నగా ఉండే భాగానికి ఆన్‌లైన్ కిట్ అక్కర్లేదు. పాత పైపు పట్టుకుని ఆటోనగర్‌లో సైలెన్సర్ పైపులు వంచే షాపుకి వెళ్లండి. అదే బయటి కొలతతో స్టీలు గొట్టం వంచి ఇస్తారు. రెండు చివర్లా చుట్టూ గట్టు తేల్చమని మాత్రం గట్టిగా అడగండి. ఎందుకో లెక్క వేసి చూడండి. 50 మిల్లీమీటర్ల గొట్టం నోటి వైశాల్యం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. 1 బార్ (చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో) బూస్ట్ వచ్చినప్పుడు హోసుని ఊడదీయడానికి దాదాపు 20 కిలోల బలం తోస్తుంది. నూనెతో జారుతున్న నున్నటి గొట్టం మీద క్లిప్పు ఒక్కటే అంత బరువు ఆపుతుందని నమ్మలేం. గట్టు ఉంటేనే ఆగుతుంది. క్లాంపు ఆ గట్టుకి వెనక పడాలి, గట్టు మీద కాదు.

క్లాంపుల దగ్గర పొదుపు చేయొద్దని బతిమాలి చెబుతున్నాను. మన విశాఖలో సముద్రపు గాలికి మామూలు ఇనుప క్లిప్పు స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పైగా పట్టీలోని గాట్లు సిలికాన్‌ని కోస్తాయి. స్టెయిన్‌లెస్ టీ-బోల్ట్ క్లాంపు తీసుకోండి. సైజు హోసు బయటి కొలతని బట్టి ఉండాలి. లోపలి కొలత 51 మిల్లీమీటర్లున్న హోసుకి గోడ 5 మిల్లీమీటర్లయితే బయటి కొలత 61.

మీ కారులో హోసు చివర స్ప్రింగు క్లిప్పుతో క్లిక్‌మని పడే ప్లాస్టిక్ కీలు ఉంటే, ముందు దాని లోపలి రబ్బరు సీలు ఒక్కటే మార్చి చూడండి. చాలాసార్లు పని అక్కడితో అయిపోతుంది.

ప్రశ్న: బాగుచేశాక లీకు పోయిందని ఎలా తెలుస్తుంది? కారు కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపే చవక ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ కొన్నాను, ఐఫోన్‌కి కలవడం లేదు. – ఎంవీపీ కాలనీ

జవాబు: ఆ అడాప్టర్లలో ఎక్కువ భాగం పాత తరహా బ్లూటూత్‌వి. ఐఫోన్‌కి బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్నది కావాలి. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దీన్నే వాడుకోండి. టార్క్, కార్ స్కానర్ లాంటి ఏ యాప్ అయినా పర్వాలేదు.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, యాప్‌లో ఇన్‌టేక్ మేనిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) చూడండి. విశాఖలో 100 కిలోపాస్కల్స్ అటూఇటూగా రావాలి, అది బయటి గాలి ఒత్తిడి. అదే కారు అరకులో నిలిపి చూస్తే 90 చిల్లరే వస్తుంది. ఎత్తు వల్ల వచ్చే తేడా అది, లోపం కాదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కినప్పుడు పక్కన కూర్చున్నవాళ్లని అంకె చూడమనండి. డ్రైవ్ చేస్తూ మీరు చూడొద్దు. వచ్చిన అంకెలోంచి మొదట చూసిన ఆ 100 తీసేస్తే మిగిలేది బూస్ట్. రిపేరుకి ముందు, తర్వాత ఒకే రోడ్డు మీద చూసి పోల్చుకోండి. 255 దగ్గర అంకె ఆగిపోతే కంగారు పడొద్దు. ఈ రీడింగు ఒక్క బైట్‌లో వస్తుంది, అంతకు మించి చూపలేదు.

యాప్‌లో పీ0299 అనే లోపం కోడ్ వచ్చి ఉంటే బూస్ట్ తక్కువగా ఉందని అర్థం. టర్బో పోయిందని కాదు. కోడ్ చెరిపేస్తే లైటు ఆరుతుంది, లీకు అలాగే ఉంటుంది. బీఎస్6 డీజిల్ అయితే లీకు వల్ల వచ్చే నల్లపొగలోని మసి పోయి డీపీఎఫ్‌లో (పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు) పేరుకుంటుంది. అది పూడుకుపోతే అయ్యే ఖర్చు ముందు హోసు ఖర్చు ఒక లెక్క కాదు, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నా దగ్గర 3డీ ప్రింటర్ ఉంది. ఇంటర్‌కూలర్ ఎల్బో (వంపు పైపు) పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసి బిగించొచ్చా? – ఎన్ఏడీ కొత్తరోడ్డు, ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: బిగించొద్దు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పీఈటీజీ అనే ఇంకో ప్రింటింగ్ ప్లాస్టిక్ 80 దాకా ఆగుతుందేమో గానీ, వేడి వైపు గాలి అంతకంటే ఎక్కువే. పైగా ప్రింట్ పొరల మధ్య నుంచి గాలి కారుతుంది. విరిగి ఊడిన ముక్క ఇంజిన్‌లోకి పోతే నష్టం పైపుతో ఆగదు.

కానీ మీ ప్రింటర్‌కి ఇక్కడ మంచి పని ఉంది. ఎల్బోని పలుచటి గోడతో నమూనాగా ప్రింట్ చేసి, ఇంజిన్ ఆపి చల్లారాక దాని చోట పెట్టి చూడండి. ఫ్యాన్‌కి తగులుతోందా, బ్యాటరీ ట్రే అడ్డొస్తోందా, వంపు ఇంకో రెండు డిగ్రీలు తిరగాలా అన్నది అక్కడే తేలిపోతుంది. నప్పే దాకా రెండు మూడు సార్లు మార్చుకుని, చివరి నమూనాని పైపు వంచే షాపులో ఇవ్వండి. ఎటు తిరిగి ఉండాలో చూపే గీత ఒకటి దాని మీద మార్కరుతో గీయడం మరవకండి.