టరెట్ అంటే బురుజేనా?

ప్రశ్న: కోటల గురించి చదువుతుంటే ‘టరెట్’ అనే మాట తగులుతోంది. బురుజుకీ దానికీ తేడా ఉందా? ఆ మాట ఎక్కడిది?

జవాబు: ఉంది. లాటిన్‌లో ‘టర్రిస్’ అంటే గోపురంలాంటి ఎత్తైన కట్టడం. అది ఫ్రెంచిలో ‘తూర్’ అయింది. దానికి ‘చిన్న’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి, ఇంగ్లీషులోకి టరెట్‌గా వచ్చింది. మన ‘బురుజు’ దారి వేరు, అది అరబ్బీ ‘బుర్జ్’ నుంచి వచ్చింది. బురుజు నేల మీంచే లేస్తుంది. టరెట్ సాధారణంగా పెద్ద కట్టడానికి అంటుకుని ఉంటుంది. చాలాసార్లు నేలను తాకదు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి దిమ్మెలే దాన్ని మోస్తాయి. ఒక్కో వరస కింది వరస కంటే కొంచెమే ముందుకు రావాలి, రాయి వెనక భాగం గోడలో లోతుగా దిగి, దాని మీద బరువు ఉండాలి. లేకుంటే టరెట్ ముందుకు ఒరుగుతుంది. లోపల తరచుగా మెలి మెట్లుంటాయి.

గోడ మూలన వేలాడే రకాన్ని ‘బార్టిజాన్’ అంటారు. పాతమాటలా వినిపిస్తుంది గానీ, అది స్కాట్లాండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్ వాడుకలోకి తెచ్చినది. స్కాట్లాండ్‌లోని ఓ పాత మాటను ఆయన పొరబడి చదివినట్టు నిఘంటుకారులు భావిస్తారు!

1862లో అమెరికా యుద్ధనౌక ‘మానిటర్’ మీద రెండు ఫిరంగులతో తిరిగిన గుండ్రటి ఇనుప గదికీ టరెట్ అనే పేరు. యుద్ధట్యాంకు టరెట్ కూడా అదే మాట. అనువాదంలో అక్కడ ‘బురుజు’ అని రాస్తే నవ్వులపాలవుతాం.